రాసుకున్న రాయి

"గీత," అంది హైమవతి.

"గాటు," అన్నాడు కోదండపాణి.

అప్పటికి మూడు రోజులుగా ఆ ఇంట్లో ఇదే నడుస్తోంది. మొదటి రోజు కారు పక్కన నిలబడి అనుకున్నారు. రెండో రోజు టిఫిన్ల దగ్గర అనుకున్నారు. మూడో రోజు పొద్దున్నే కోదండపాణి చక్రం ముందు గొంతుక్కూర్చుని, బొటనవేలి గోరు దానిమీద ఆనించి అటూ ఇటూ జరిపి, "చూడు, గోరు దిగుతోంది. గోరు దిగకపోతే గీత. దిగితే గాటు," అని సిద్ధాంతం చేశాడు. విద్యుత్ శాఖలో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి సూపరింటెండెంటుగా రిటైరైన మనిషి. ఏ కష్టమైనా అది ఏ తరగతి కిందికి వస్తుందో తేలేదాకా బాధపడడం మొదలుపెట్టడు.

"మీ గోరు పెరిగిందండీ, అందుకని దిగుతోంది," అంది హైమవతి.

వరండాలో చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్న అత్తగారు సుందరమ్మ తలెత్తకుండానే కలగజేసుకుంది. "గీతో గాటో, మనిషికి తగల్లేదు కదరా పాణీ. చక్రానికి కట్టు కట్టాలా, కాపడం పెట్టాలా?"

"నువ్వూరుకోవే అమ్మా. అది అల్లాయ్ చక్రం."

"అయితే దిష్టి తీయిస్తే సరి," అంది ఆవిడ.

చక్రాన్ని రాయికి తగిలించింది తనేనని హైమవతి మొదటి రోజే ఒప్పుకుంది. పాత సినిమాహాలు మలుపులో ఎదురుగా ఆటో వస్తే కాస్త ఎడమకి తిప్పింది. ఎడమవైపు నిన్నటిదాకా ఏమీ లేని చోట ఆ రోజు పసుపూ నలుపూ రంగులేసుకుని వరసగా రాళ్ళున్నాయి.

ఆ రాళ్ళకో కథ ఉంది. ఆ ఊరి పురపాలక కమిషనరుగారు ఏదో మహానగరంలో నాలుగు రోజుల శిక్షణకి వెళ్ళొచ్చారు. వెళ్ళేటప్పుడు మామూలు మనిషిగానే వెళ్ళారు. వచ్చేటప్పటికి మాత్రం, చీరకి అందం అంచులో ఉన్నట్టే ఊరికి అందం కూడా అంచులోనే ఉంటుందని నమ్మకం కుదుర్చుకుని వచ్చారు. దానికి తోడు 'అందమైన అంచుల పట్టణం' అని పైనుంచి ఒక పోటీ కూడా ప్రకటించారు. ఏ ఊళ్ళో అంచురాళ్ళ పొడవు ఎక్కువుంటే ఆ ఊరిదే బహుమతి. ఇంకేముంది, మెయిన్ రోడ్డుకి రెండు పక్కలా రాళ్ళు పాతారు. ఆ తర్వాత సందులకి పాతారు. చెత్తకుప్ప చుట్టూ, మురిక్కాలవకి అటూ ఇటూ, కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ పాతారు. రోడ్డే లేని కొత్త కాలనీలో ముందు అంచులు పాతి, లోపలిది తర్వాత చూసుకుందామన్నారు. కుమ్మరివీధిలో రెండు వరసల రాళ్ళూ పోగా మిగిలిన దారిలో ఆవు వెళ్తే దూడ ఆగాల్సివస్తోంది. నెల తిరిగేసరికి ఊళ్ళో పసుపురంగు అంటని చక్రం లేకుండా పోయింది.

ఊరి సంగతి ఊరిది. హైమవతి బాధ వేరు. ఆవిడ అంగన్‌వాడీ సూపర్‌వైజరు. ఇరవై రెండు కేంద్రాలు చూడాలి. వాటిలో సగం పైగా ఊరి బయట పల్లెల్లో ఉన్నాయి. పాతికేళ్ళు బస్సుల వెంట పరిగెత్తి, ఆటోల్లో అంచున కూర్చుని, భర్త స్కూటరు ఖాళీ అయ్యేదాకా కాచుక్కూర్చుని, యాభై ఒకటో ఏట పట్టుబట్టి కారు నేర్చుకుంది. ఏ ఊరికి ఎప్పుడు వెళ్ళాలో తనే అనుకుని, తనే వెళ్ళి, తనే వస్తున్న ఈ రెండేళ్ళలో ఆవిడకి నడుంనొప్పి తగ్గిందని ఇంట్లో అందరూ గమనించారు. ఎందుకు తగ్గిందో ఎవరూ అడగలేదు.

"చక్రం ముందెలా ఉండేదో అలా అయ్యేదాకా తాళం నా దగ్గరుంటుంది," అన్నాడు కోదండపాణి. "అంతదాకా నేను దింపుతాను. నాకు మాత్రం పనేముంది?"

ఆ పనేముంది అన్నదే ప్రమాదం. కిందటి రోజు చినలంక కేంద్రానికి ఆయనే తీసుకెళ్ళాడు. హైమవతి పసిపిల్లల బరువులు చూస్తుంటే ఈయన ఆయాకి గుడ్లు ఉడకబెట్టడం నేర్పాడు. తర్వాత పిల్లల్ని పుట్టినతేదీల ప్రకారం సీనియారిటీ వరసలో కూర్చోబెట్టాడు. రెండు రోజులు జూనియరైన ఒక పిల్ల తన అన్నం గిన్నె వదిలి వెళ్ళనని ఏడుపందుకుంది. టీచరు మంగతాయారు హైమవతిని పక్కకి పిలిచి, "మేడమ్, సారు రోజూ వస్తారా?" అని అడిగింది. ఆ అడగడంలో భయం ఉంది.

అందుకని హైమవతి ఆ సాయంత్రమే, భర్తని పక్కసీట్లో పెట్టుకోవడానికి ఒప్పుకుని, కారు కరీముల్లా షాపుకి తీసుకెళ్ళింది. గీతలు పడ్డ చక్రాలు బాగుచేయడంలో ఆ జిల్లాలో అతన్ని మించినవాడు లేడు. అతను చక్రం చుట్టూ ఒకసారి వేలు తిప్పి చూశాడు.

"ఇదేం పెద్ద పని కాదమ్మా. ఒక్క పూట పని."

"అయితే చేసెయ్యి కరీముల్లా."

"పత్రం తెచ్చారా?"

"ఏం పత్రం?"

అతను గోడకి ఉన్న బోర్డు చూపించాడు. పాత అక్షరాలు 'చక్రముల గీతలు తొలగించబడును' అని ఉన్నాయి. వాటికింద కొత్త రంగుతో 'పత్రం ఉన్నవారికి మాత్రమే' అని ఉంది.

"సోమవారం నుంచి రూలమ్మా. రాయికి తగిలిన చక్రం అంటే ప్రభుత్వ ఆస్తికి తగిలిన చక్రం. దాన్ని నేను నున్నగా చేసేస్తే సాక్ష్యం చెరిపినట్టంట. అంచురాళ్ళ ఆఫీసు నుంచి అభ్యంతరం లేదని కాగితం ఉంటేనే ఉప్పుకాగితం పట్టుకోవాలి. మా బావ కాగితం లేకుండా ఒక స్కూటరు చక్రం తుడిచాడు. ఒట్టి తడిగుడ్డతోనే. నోటీసొచ్చింది."

"రూలంటే రూలే," అన్నాడు కోదండపాణి సంతృప్తిగా.

మర్నాడు హైమవతి అర్ధరోజు సెలవు పెట్టి పురపాలక కార్యాలయానికి వెళ్ళింది. మేడమీద 'అంచుశిలల పరిరక్షణ విభాగం' అని కొత్త బోర్డు. జనం ఇన్నాళ్ళూ రాయి అంటున్నదాన్ని ఆఫీసు వారు శిల అనుకుంటున్నారని అక్కడే తెలిసింది. ప్రత్యేకాధికారి వామనరావుగారు ముప్ఫై ఏళ్ళు రిజిస్ట్రేషన్ల శాఖలో పనిచేసి డెప్యుటేషన్ మీద వచ్చిన మనిషి. దరఖాస్తు ఫారంలో 'సంఘటనను ఒక్క వాక్యములో, కొట్టివేతలు లేకుండా వ్రాయవలెను' అని ఉంది. హైమవతి బాగా ఆలోచించి, 'మా కారు ఎడమ ముందు చక్రం పాత సినిమాహాలు మలుపులో పురపాలక సంఘం వారి రాయిని రాసుకుంది' అని గుండ్రటి అక్షరాలతో రాసిచ్చింది.

వామనరావుగారు కళ్ళజోడు సవరించుకున్నారు. "రాయిని రాసుకుంది," అని పైకి చదివారు. "ఎప్పుడు రాసుకుందండీ?"

"మంగళవారం పొద్దున్నండి."

"మీరు దగ్గరున్నారా?"

"నేనే నడుపుతున్నానండి."

"అంటే మీ సమక్షంలోనే రాసుకుంది. సాక్షులు?"

"పాలప్యాకెట్లాయన చూశాడండి."

"ఒక్క సాక్షి చాలడు." ఆయన కాసేపు కలం కొరికారు. "రాయి ఎవరిది?"

"మీదేనండి."

"మా రాయిని మీ చక్రం తన పేర రాసుకుంది."

అప్పుడుగాని హైమవతికి తను రాసిన మాట ఎటు పోతోందో అర్థంకాలేదు. "పేర రాసుకోవడం కాదండీ. రాసుకుందంటే, ఒరుసుకుంది. రాచుకుంది. గోడకి గేదె రాసుకుంటుంది చూడండి, అలా."

"గేదెలు కూడా రాసుకుంటున్నాయా?" ఆయన నిజంగానే నొచ్చుకున్నారు. "మేడమ్, నా సర్వీసులో చెరువులు రాసుకున్నవాళ్ళని చూశాను. శ్మశానాలు రాసుకున్నవాళ్ళని చూశాను. ఒకాయన ఏకంగా మా ఆఫీసు మెట్లు రాసుకున్నాడు. కానీ ఇంత నిజాయితీగా లిఖితపూర్వకంగా ఒప్పుకున్నవాళ్ళు మీరే."

"అయితే ఆ మాట కొట్టేసి ఒరుసుకుంది అని రాస్తానండీ."

"కొట్టివేతలు లేకుండా అని పైనే ఉంది చూశారా?" అని ఆయన ఫారం సొరుగులో పెట్టేశారు.

రెండు రోజుల్లో తనిఖీ జరిగింది. వామనరావుగారు స్వయంగా వచ్చి, భూతద్దంతో చక్రాన్ని చూసి, గాటులో ఇరుక్కున్న పసుపురంగునీ నాలుగు సిమెంటు రేణువుల్నీ గుర్తించారు. "శిల ఉంది," అన్నారు. "శిల చక్రంలో భాగమైందా, చక్రం శిలలో భాగమైందా అన్నది పైవాళ్ళు తేలుస్తారు. ప్రస్తుతానికి రెండూ కలిపి ఒకే ఆస్తి." చక్రం మీద తెల్లరంగుతో ఒక నంబరు వేయించారు. కోదండపాణి ఆయనకి మంచి కాఫీ ఇప్పించాడు. నిబంధనలు తెలిసిన మనిషితో మాట్లాడి చాలా కాలమైందట.

ఆ వారంలోనే ఉత్తర్వు వచ్చింది. 'విషయము: అంచుశిలలు – చక్రమునకు సంక్రమించిన అంచుశిల – సంచార అంచుశిలగా గుర్తింపు – ఉత్తర్వులు జారీ చేయడమైనది.' దాంతో బాటే కారు అద్దానికి ఇంకో కాగితం. అంచుశిలకి ఆరడుగుల లోపు ఏ వాహనమూ నిలపకూడదు. ఈ వాహనం ఒక అంచుశిలకి బొత్తిగా ఆనుకుని నిలిచి ఉంది. వెంటనే దూరంగా జరపవలెను.

కోదండపాణి కారుని పదడుగులు ముందుకి జరిపాడు. శిల కూడా పదడుగులు ముందుకి జరిగింది. వెనక్కి జరిపాడు. మర్నాడు పొద్దున మళ్ళీ కాగితం. ఆయన టేపు తెచ్చి, కారుకీ కారుకీ మధ్య దూరం కొలిచాడు. ఎటునుంచి కొలిచినా ఆరడుగులు రాలేదు.

"నాన్నా, కారు పక్కనుంచి కారు తీసేస్తే సరిపోతుంది," అంది కూతురు అన్విత. డిగ్రీ అయి ఇంట్లో ఉండి పోటీ పరీక్షలకి చదువుతోంది. తర్కం అనే సబ్జెక్టు ఆ పిల్లకి కొత్తగా వచ్చింది.

"నవ్వులాట కాదమ్మా," అని కోదండపాణి కారెక్కాడు. ఆపకూడదు కాబట్టి ఆపకుండా వీధులు తిరగడం మొదలుపెట్టాడు. ఇంటిముందునుంచి వెళ్ళినప్పుడల్లా సుందరమ్మ గేటు దగ్గర నిలబడి ఆయనకి మజ్జిగ గ్లాసు కిటికీలోంచి అందించేది. తర్వాతి చుట్టులో ఖాళీ గ్లాసు తీసుకునేది. "తిరణాల్లో రంగులరాట్నంలా ఉందే మా వాడి బతుకు," అంది కోడలితో.

హైమవతి మళ్ళీ మేడెక్కింది. ఈసారి వామనరావుగారు లేచి నిలబడి మరీ కుర్చీ చూపించారు.

"మీకే కబురు చేద్దామనుకుంటున్నాను మేడమ్. మీ వారు ఈ రెండు రోజుల్లో ఊళ్ళో ఎంత దూరం తిరిగారో లెక్క తీయించాం. అంచుశిల వెళ్ళినంత మేరా అంచే కదా. పాతిన రాళ్ళన్నీ ఒక ఎత్తు, మీ చక్రం ఒక్కటీ ఒక ఎత్తు. పోటీలో మన పొరుగూరిని నిన్న సాయంత్రానికి దాటేశాం. కమిషనరుగారు ఆనందభాష్పాలు రాల్చారు. కాకపోతే చిన్న లోపం. రాసుకున్నట్టు ఒప్పుకున్నది మీరు. నడుపుతున్నది ఆయన. అది చెల్లదు." అంటూ ఇంకో ఉత్తర్వు చేతిలో పెట్టారు. శ్రీమతి హైమవతిగారిని సంచార అంచుశిల సంరక్షకురాలిగా నియమించారు. ఆమె తప్ప అన్యులెవరూ ఆ వాహనమును నడపరాదు.

ఇంటికొచ్చి ఆ కాగితం భర్తకిచ్చింది. కోదండపాణి మూడుసార్లు చదివాడు. వెలుతురులో పెట్టి ముద్ర చూశాడు. "గుండ్రటి ముద్ర," అన్నాడు నీరసంగా. "కోలముద్రైతే ఏమైనా అనచ్చు. గుండ్రటిదానికి ఏమీ చెయ్యలేం." తాళం తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

హైమవతికి వామనరావుగారి మీద జీవితంలో మొదటిసారి గౌరవం కలిగింది. అది మర్నాడు పొద్దున ఏడుంబావు దాకా నిలిచింది. చినలంక వైపు ఊరి పొలిమేర దగ్గర, స్వాగతం బోర్డు కింద నిలబడ్డ పురపాలక ఉద్యోగి చెయ్యడ్డం పెట్టి, ఉత్తర్వు రెండో పేజీ చూసుకోమన్నాడు. 'సదరు అంచుశిల పురపాలక ఆస్తి అయినందున పట్టణపు ఎల్లలు దాటరాదు.'

"అవతల పిల్లలకి బరువులు చూడాలయ్యా. తూకం మిషను నా డిక్కీలో ఉంది."

"మీరెళ్ళండమ్మా. మిషన్నీ తీసుకెళ్ళండి. రాయి వెళ్ళకూడదు."

ఆ వారమంతా తాళం హైమవతి దగ్గరే ఉంది. ఆవిడ ఆఫీసుకి ముందు ఒక గంటా తర్వాత ఒక గంటా ఊళ్ళో గుండ్రంగా తిరుగుతూనే ఉంది. మధ్యలో కారు నిలపడానికి కమిషనరుగారు దయతో విశ్రాంతి మంజూరు చేశారు. పల్లెలకి మాత్రం మళ్ళీ బస్సే. చినలంకకి మధ్యాహ్నం బస్సు తీసేసి ఏడాదైంది. మంగతాయారు ఫోన్ చేసింది. "మేడమ్, ఆ కవలపిల్లలు కిందటి నెల బరువు తక్కువున్నారు కదా, ఈ నెల చూడాలన్నారు. వాళ్ళమ్మ రోజూ ఎత్తుకొచ్చి కూర్చుంటోంది. ఎప్పుడొస్తారని అడిగితే నేనేం చెప్పను?"

రాయి వదలట్లేదని చెప్పమని హైమవతి ఎలా అంటుంది?

"తాళం నీ దగ్గరే ఉందిగా, ఇంకేం?" అన్నాడు కోదండపాణి. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఆయనకి నిజంగానే తాళం అంటే కారేననిపిస్తుంది.

ఆ పూట హైమవతి అంట్లు సర్దుతూ చాలాసేపు ఆలోచించింది. రాసుకున్నది వదిలించుకోవడానికి లోకంలో ఒకటే పద్ధతి ఉంది. మర్నాడు తెల్లకాగితం మీద ఒక్కటే వాక్యం, కొట్టివేతలు లేకుండా రాసి, మేడెక్కి వామనరావుగారి ముందు పెట్టింది. 'నా చక్రం రాసుకున్న రాయిని ఇందుమూలముగా పురపాలక సంఘమునకు తిరిగి రాసిచ్చేస్తున్నాను.'

ఆయన చదివారు. మళ్ళీ చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"దానపత్రం," అన్నారు మెల్లగా.

"అవునండి."

"మేడమ్, పోటీ ఫారంలో పద్నాలుగో గడి ఒకటి ఖాళీగా పడి ఉంది. 'ప్రజలు స్వచ్ఛందముగా దానమిచ్చిన అంచుశిలలు.' ఊరంతా తిరిగాం. ఒక్కడు ఒక్క రాయి ఇవ్వలేదు. రాళ్ళు విసిరినవాళ్ళున్నారు, అవి ఆ గడిలోకి రావు." ఆయన గొంతు సర్దుకున్నారు. "పొడవు పోతుంది, నిజమే. కానీ పొడవు ఇప్పటికే చాలినంత ఉంది. దాత మాత్రం మీరొక్కరే. అయితే దానమిచ్చిన వస్తువు స్వాధీనం చెయ్యాలి. చక్రం నుంచి శిలను పూర్తిగా, రేణువు మిగలకుండా ఒలిపించి, పొట్లం కట్టి అప్పగించాలి. ఒలిచినచోట నున్నగా ఉన్నదీ లేనిదీ మేం వేలుపెట్టి చూస్తాం."

"ఒలవడానికి అనుమతి కాగితం కావాలండీ. కరీముల్లా అడుగుతాడు."

"అనుమతేమిటి, ఆజ్ఞే ఇస్తాను," అన్నారాయన. గుండ్రటి ముద్ర కొట్టారు.

కరీముల్లా ఆ కాగితాన్ని గోడకి అంటించి, చక్రం కడిగి ఆరబెట్టాడు. గాలి తీసి టైరుని కాస్త అదిమి, టైరుకీ చక్రానికీ మధ్య చుట్టూ పాత పేకముక్కలు వరసగా దోపాడు, రంగు టైరుకి తగలకుండా. ఆటీను రాజూ, కళావరు రాణీ చక్రం చుట్టూ పేరంటానికొచ్చినట్టు నిలబడ్డారు. ముతక ఉప్పుకాగితంతో మొదలుపెట్టి సన్నకాగితం దాకా వచ్చాడు. పసుపు పొడిని కింద పరిచిన పేపరు మీదికి రాల్చాడు. గాటు నిండా పుట్టీ పెట్టి, అది గట్టిపడ్డాక మళ్ళీ అరగదీశాడు. వెండిరంగు మూడు పొరలు, పైన మెరుగుపూత. ఎక్కడా తొందరపడలేదు. పొరకీ పొరకీ మధ్య టీ తాగాడు. పొడిని పొట్లం కట్టి ఆవిడకిస్తూ, "ఇరవై ఏళ్ళుగా ఇలాంటి పొడి ఊడ్చి పారేస్తున్నానమ్మా, ఆస్తి అని తెలీక," అన్నాడు.

పొట్లానికి వామనరావుగారు రసీదిచ్చారు. పొట్లాన్ని గాజుపెట్టెలో పెట్టి, పక్కన దాత పేరు రాయించారు. ఊరికి బహుమతి వచ్చిందో లేదో గాని, ఆ పెట్టె చుట్టూ మాత్రం చిన్న చిన్న అంచురాళ్ళు పాతించారు.

ఆదివారం మధ్యాహ్నం అందరూ భోజనాలకి కూర్చున్నారు. కోదండపాణి అంతకుముందే చక్రం చుట్టూ రెండుసార్లు తిరిగి వచ్చాడు. మంచి సంతోషంగా ఉన్నాడు. ముద్ద కలుపుతూ, "పని బాగా చేశాడు. ముందెలా ఉండేదో అలాగే ఉంది. ఇక నువ్వు నిశ్చింతగా నడుపుకోవచ్చు హైమా," అన్నాడు. "సినిమాహాలు వైపు వెళ్ళకు. వాన పడ్డ రోజు తియ్యకు. రివర్సు చేసేటప్పుడు నన్ను పిలువు. సాయంత్రం రాగానే తాళం నాకిచ్చెయ్యి, నేను ఒకసారి చుట్టూ చూసుకుంటాను. అంతే."

"అంతేనా నాన్నా?" అంది అన్విత.

"అంతే," అన్నాడాయన ఉదారంగా.

హైమవతి అత్తగారికి చారు పోసింది. కూతురికి పోసింది. భర్తకి పోసింది. గిన్నె కింద పెట్టి, తన కంచం ముందు కూర్చుంది.

"నేను రోజూ నడుపుతాను కాబట్టి ఇంకా గీతలు పడతాయండీ," అంది. గొంతు పెంచలేదు. "ఆ వైపు చక్రానికీ పడతాయి. తోచినప్పుడు బాగుచేయించుకుంటాను, లేకపోతే అలాగే ఉంచుతాను. తాళం మాత్రం ఇక ఎవరికీ ఇవ్వను. రేపు ఏడింటికి చినలంక వెళ్తున్నాను, అటునుంచి మిగతా పల్లెలు కూడా చూసుకుని వస్తాను. పిండి ఫ్రిజ్‌లో ఉంటుంది. ఎవరి ఇడ్లీలు వాళ్ళు వేసుకోండి."

సుందరమ్మ కంచంలోంచి తలెత్తి, "నాకు రెండు చాలురా పాణీ," అంది.